ఆలకించని ప్రార్థనకు స్తోత్రం

సహోదరులారా, సహోదరీలారా! పోయిన చలికాలమంతా మా ఇంట్లో ఒక్క మాటను నోటితో అనకూడదని కట్టుబాటు. ఆ మాట క్యాన్సర్. మా కోడలు సునీతకు అండాశయంలో క్యాన్సర్ ఉందని డాక్టరమ్మ గారు చెప్పిన సాయంత్రం నుంచి, పక్క వాటావాళ్లకు వినపడకుండా టీవీ సౌండు పెంచి, దాని చాటున గుసగుసలాడుకుంటూ, "ఆ రిపోర్టు", "ఆ ఆస్పత్రి", "ఆ ఇంజెక్షను" అని అన్నిటికీ ముందు ఒక 'ఆ' తగిలించి బతికాం. చీకటి అంటే వెలుగు లేకపోవడమే అనుకుంటాం గాని, మాట లేకపోవడం కూడా చీకటేనని నాకు ఆ రోజుల్లో తెలిసింది.

నా పేరు ఏసుపాదం. ఆటోనగర్‌లో లేతు మిషను ముందు నిలబడి బతికినవాణ్ణి, ఇప్పుడు ఒళ్లు సహకరించక ఇంటిపట్టున ఉంటున్నాను. బడికి వెళ్లింది రెండో తరగతి దాకానే, తెలుగు బైబిలు వాక్యం చదివి నేర్చుకున్నాను, ఇంగ్లీషు బేరింగుల అట్టపెట్టెల మీద చదివి నేర్చుకున్నాను, కాబట్టి ఈ రాతలో తప్పులుంటే పత్రిక సంపాదకులు దిద్దవచ్చు గాని, నేను క్యాన్సర్ అని రాసినచోట మాత్రం "ఒక భయంకర వ్యాధి" అని మార్చవద్దని ముందే మనవి చేస్తున్నాను. మార్చితే ఈ సాక్ష్యమంతా దండగ!

నాకు చిన్నప్పటి నుంచి ఒక సందేహం. మన జనం షుగరుంటే గొప్పగా చెప్పుకుంటారు, బీపీ ఉంటే పక్కవాడి బీపీతో పోటీ పెట్టుకుంటారు, గుండెకు స్టెంటు వేస్తే బెంజ్ సర్కిల్‌లో నిలబడి అందరికీ వినపడేలా చెబుతారు, మరి క్యాన్సర్ అనేసరికి గొంతు ఎందుకు పడిపోతుంది? ఆ జబ్బు ఒక్కటే పాపం చేసిన వాళ్లకు వస్తుందని ఎవరు చెప్పారు? ఎక్కడ రాసి ఉంది? నేను వెదికాను, నాకు కనపడలేదు.

ఈ సందేహానికి వేరు చాలా లోతున ఉంది. ఉయ్యూరు దగ్గర పల్లెలో మా అమ్మ చెరకు నరకడానికి కూలికి వెళ్లేది. నాకు పదేళ్లప్పుడు ఆమెకు మెడ కింద ఏదో లేచింది. పెద్దవాళ్లు వచ్చేవారు, తలుపు దగ్గరగా వేసి మాట్లాడుకునేవారు, నేను వెళ్తే మాట ఆగిపోయేది. "అమ్మకేమైంది?" అని అడిగితే మా పెదనాన్న "చిన్నపిల్లోడివి నీకెందుకురా, పోయి ఆడుకో" అన్నాడు. పోయి ఆడుకున్నాను. చక్కెర ఫ్యాక్టరీ నుంచి బెల్లంపాకం వాసన ఊరంతా కమ్ముకున్న రోజుల్లో, గానుగాట కాలం మధ్యలోనే అమ్మను మట్టి చేశారు. ఆమెకు వచ్చిన జబ్బు పేరేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు, చెప్పగలిగిన వాళ్లంతా వెళ్లిపోయారు. ఇంత వయసొచ్చినా, సహోదరులారా, నా తల్లి దేనితో పోయిందో తెలియని కొడుకును నేను!

అందుకే మా అబ్బాయి ప్రసాదు "బ్లెస్సీకి మాత్రం తెలియకూడదు" అన్నప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బ్లెస్సీ నా మనవరాలు, వాళ్లకు ఒక్కతే సంతానం, అప్పుడు పదో తరగతి. పరీక్షల సంవత్సరమని హాస్టల్లో పెట్టారు. ఆదివారం ఆరాధనకు మాత్రం పంపేవారు, భోజనం కాగానే మళ్లీ దింపి రావాలి. వారానికి ఆ కాసేపే తల్లిని చూస్తుంది గనుక దాచడం తేలికైంది. సునీతకు మొదటి విడత మందు ఎక్కించగానే జుట్టు రాలిపోయింది, కాని మన ఆడవాళ్లు ఆరాధనలో కొంగు కప్పుకునే కూర్చుంటారు కదా, ఎవరికీ అనుమానం రాలేదు. ఇంటికొచ్చాక సవరం కుట్టిన స్కార్ఫు చుట్టుకునేది, "చలమ్మా, చెవిపోటు" అనేది.

శుక్రవారం ప్రార్థన కూడికలో మా ప్రసాదు లేచి, "మా ఇంట్లో చెప్పుకోలేని మనవి ఉంది, ప్రార్థించండి" అన్నాడు. మన సంఘాల్లో ఈ ఆచారం మీకందరికీ తెలిసిందే. చెప్పుకోలేని మనవి అంటే ఎవరూ ఏమీ అడగకూడదు, తల ఊపి ప్రార్థించాలి. నోటితో అడగరు గాని మనసులో ఊహించకుండా ఉంటారా? సునీత పొట్టలో నీరు చేరి పొట్ట పెరిగింది. మందు ఎక్కించిన వారమంతా వాంతులు. ఆటోలో ఆస్పత్రికి వెళ్లడం చూసినవాళ్లున్నారు. ఇవన్నీ కలిపి స్త్రీల సమాజం పెద్ద రాహేలమ్మ గారు లెక్క తేల్చేశారు, సునీతకు ఇన్నేళ్లకు మళ్లీ నెల తప్పిందని! చింతకాయ పచ్చడి పట్టుకుని ఇంటికి వచ్చేశారు.

"నాకు తెలుసులేవే అమ్మాయ్, నువ్వు చెప్పకపోయినా. ఎదిగిన పిల్లుందని సిగ్గుపడతన్నావా? దేవుడిస్తే సిగ్గేంటి! పుల్లపుల్లగా తిను."

సునీత ఆ సీసా తీసుకుంది. కాదనడానికి నోరు రాలేదు, కాదంటే మరేంటని అడుగుతారు కదా! నేను గుమ్మం దగ్గరే ఉన్నాను, నోరు తెరవబోతే మా అబ్బాయి నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ తర్వాతి శుక్రవారం సునీతను మధ్యలో కూర్చోబెట్టి, ఆమె తల మీద చేతులుంచి, రాహేలమ్మ గారు కన్నీళ్లతో ప్రార్థించారు. ఆ ప్రార్థన నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. "తండ్రీ, నీ బిడ్డ సిగ్గుతో దాచుకుంది గాని నీకు దాపరికమేముంది నాయనా! ఈమె కడుపులో నువ్వు ఉంచినదాన్ని కాపాడు ప్రభువా, దినదినం వృద్ధి చెయ్యి ప్రభువా, పూర్తిగా ఎదగనివ్వు ప్రభువా!" అందరూ ఆమేన్ అన్నారు. గట్టిగా అన్నారు. సునీత కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే ఆనందబాష్పాలనుకుని ఇంకా గట్టిగా అన్నారు. సహోదరులారా, ఒక సంఘం సంఘమంతా మోకాళ్లూని, ఒక తల్లి కడుపులో క్యాన్సర్ గడ్డను పెంచమని దేవుణ్ణి బతిమాలుకుంది! వాళ్ల తప్పా? వాళ్లకు తెలియనివ్వని మా తప్పా? ఆ రాత్రి నాకు ఒకటే కుతూహలం పట్టుకుంది, పైన కూర్చుని వింటున్న ఆయన ఈ ప్రార్థనను ఏం చేసి ఉంటాడు?

ఇది ఇలా ఉండగా అసలు ప్రమాదం ఇంట్లోనే మొదలైంది. రెండు విడతలయ్యాక డాక్టరమ్మ గారు, గడ్డ లొంగుతోంది, వరసగా ఇంకొన్ని ఎక్కించి ఆపరేషను చేద్దాం, మధ్యలో మాత్రం ఆపకూడదు, ఆపితే చేసిందంతా వృథా అవుతుంది అన్నారు. సునీత ఒప్పుకోలేదు. పరీక్షలప్పుడు బ్లెస్సీని ఇంటికి తెచ్చుకుని తన చేత్తో వండి పెట్టాలని ఆమె పంతం. పిల్ల ఇంట్లో ఉంటే వాంతులు దాగవు, బోడితల దాగదు. కాబట్టి పరీక్షలయ్యేదాకా మూడో విడత వద్దు.

"పిల్లకి పది పోతే మళ్లీ వస్తదా మామయ్య గారూ?" అంది.

"పది పోతే సప్లిమెంటరీ ఉందమ్మా. తల్లి పోతే ఏ సప్లిమెంటరీ ఉంది?" అన్నాను.

"నాన్నా, అరవకు. పక్కోళ్లకి వినపడుద్ది" అన్నాడు ప్రసాదు.

"వినపడనివ్వరా! గోడలకి చెవులుంటే ఉండనీ, మీకు నోళ్లు లేకుండా పోయినయ్యి, అదీ నా బాధ!"

ఎంత అరిచినా ఆమె చివరికి ఒకే మాట అనేది. "నా కూతురికి నేను చెప్పుకోవాలి మామయ్య గారూ, మీరు చెప్పకండి. నాకు ధైర్యం చాలట్లేదు, కాస్త ఆగండి." ఆ మాటకు నేనేం చెయ్యను? అది ఆమె ఒళ్లు, ఆమె బిడ్డ. మూడో విడతకు ఇచ్చిన తారీఖు వచ్చింది, వెళ్లిపోయింది. ఆస్పత్రి నుంచి ఫోను వస్తే సునీత ఎత్తలేదు. పొట్ట మళ్లీ బిగుస్తోందని నాకు కళ్లతోనే తెలుస్తోంది. ఒక ఆదివారం బ్లెస్సీని హాస్టలు గేటు దగ్గర దింపుతుంటే, అది నా చెయ్యి పట్టుకుని నవ్వుతూ అడిగింది.

"తాతయ్యా, అమ్మ సంగతేంటి? రాహేలమ్మ ఆంటీ నాకు చెప్పేసిందిలే."

"ఏం చెప్పింది?"

"ఏమో, నీకు తెలీదా? నాకు కోపమేం లేదు, ఫ్రెండ్సందరూ నవ్వుతారేమో, నవ్వితే నవ్వనీ. అమ్మ చెప్పట్లేదేంటి మరి?"

"మీ అమ్మనే అడుగు తల్లీ. వదలకుండా అడుగు" అన్నాను. అబద్ధం ఆడలేదు, నిజం చెప్పే హక్కు నాది కాదు. స్కూటరు మీద తిరిగి వస్తూ ప్రభువుతో గొడవ పెట్టుకున్నాను. "ప్రభువా, నన్ను పదేళ్లప్పుడు పోయి ఆడుకోమన్నారు, పోయాను. ఈ పిల్లను కూడా అలాగే పంపించేస్తావా? నీ దగ్గర నోళ్లు తెరిచే పని ఏదైనా ఉంటే ఇప్పుడే చెయ్యి, ఆ మందు ఆగకూడదు!" ఇంతే నా ప్రార్థన. అందంగా లేదు గాని నిజంగా చేశాను.

ఆయన ఎలా చేశాడో వినండి! మా సంఘంలో జోయెల్ అనే ఇంటర్ చదివే పిల్లవాడి తండ్రి అంతకుముందే క్యాన్సర్‌తో ప్రభువు సన్నిధికి వెళ్లారు. యౌవనుల ఆదివారం వస్తోందని సండే స్కూలు టీచరు పిల్లలందరినీ, ఈ జబ్బు మీ జీవితాల్ని ఎలా తాకిందో ఎవరికి వారే రాసుకొచ్చి ఆరాధనలో చదవండి అని చెప్పింది. పెద్దలు కొందరు సణిగారు. పండగలాంటి రోజున ఈ అశుభమేంటన్నారు, కనీసం ఆ పేరు లేకుండా రాయించమన్నారు. ఆ టీచరమ్మ వినలేదు. ఆమెను దేవుడు దీవించును గాక!

నేను ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను, పిల్లలు ఏం రాస్తారోనని నాకు పరమ ఆత్రం. జోయెల్ చదివాడు. "నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్లందరూ ధైర్యంగా ఉండమన్నారు. భయమేస్తోందా అని ఒక్కరూ అడగలేదు. అడిగితే అవునని చెప్పేవాణ్ణి." అంతే, దిగిపోయాడు. చిన్నతనంలో రక్తానికి క్యాన్సర్ వచ్చి బతికిన ఒక అమ్మాయి చదివింది. "నాకు జుట్టు మళ్లీ వచ్చినప్పుడు రింగులు రింగులుగా వచ్చింది. ముందు అలా ఉండేది కాదు. దేవుడికి రింగులు ఇష్టమేమో, ఆయన్ని చూసినప్పుడు అడుగుతా." జనం నవ్వారు, ఏడ్చారు. ఇన్నేళ్లుగా విన్న ప్రసంగాల్లో నాకు దొరకనిది ఈ పిల్లల రెండు ముక్కల్లో దొరుకుతోందేమిటా అని నేను ఆశ్చర్యపోతున్నాను.

అప్పుడు మా బ్లెస్సీ మైకు దగ్గరికి వచ్చింది.

"క్యాన్సర్ మా ఇంటిని తాకలేదు. అందుకు దేవునికి స్తోత్రం. కాబట్టి నాకు రాయడానికి ఏమీ లేదు. కాని జోయెల్ అన్నయ్య వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఏం మాట్లాడాలో తెలియక నేను బిస్కెట్లు తిని వచ్చేశాను. తాకనివాళ్లు ఏం చెయ్యాలో ఎవరైనా చెబితే నేర్చుకోవాలని ఉంది. మా ఇంట్లో సంతోషం ఉంది. నాకు తమ్ముడో చెల్లో రాబోతున్నారు. అమ్మ ఇంకా నాతో చెప్పలేదు. చెప్పేదాకా ఎదురుచూస్తా."

ఆడవాళ్ల వైపు ముసిముసి నవ్వులు. రాహేలమ్మ గారు స్తోత్రం, స్తోత్రం అంటున్నారు. అప్పుడు చాపల మీద నుంచి సునీత లేచి నిలబడింది. సాక్ష్యం చెప్పేవాళ్లు లేచినట్టే లేచింది.

"అది కొట్టెయ్యి తల్లీ. తాకింది. నన్నే తాకింది" అంది. "నా కడుపులో ఉంది తమ్ముడు కాదు నాన్నా, క్యాన్సరు."

బ్లెస్సీ చేతిలో మైకు అలాగే ఉంది, అందుకని తర్వాతి మాటలన్నీ సంఘమంతా విన్నది. పిల్ల ఏడవలేదు, ముందు అడిగింది.

"ఇంజెక్షన్లు చేయించుకుంటన్నావా?"

"రెండైనయ్యి. ఆపేశా."

"ఎందుకాపావ్?"

"నీ పరీక్షలని..."

"నేను ఆపమన్నానా అమ్మా?"

అప్పుడు దానికి ఏడుపు తన్నుకొచ్చింది, మైకు వదిలేసి తల్లి దగ్గరికి పరుగెత్తింది. రాహేలమ్మ గారు నోరు కొట్టుకుంటున్నారు, "వృద్ధి చెయ్యమన్నానే తల్లీ! నా నోరు పడిపోనూ, పెంచమన్నానే!" అని. పాస్టరు గారు ప్రసంగం పక్కన పెట్టి మోకాళ్లూనారు. "ప్రభువా, అండాశయం అన్న మాట ఈ ప్రసంగపు బల్ల దగ్గర నేనెప్పుడూ పలకలేదు, ఈ రోజు పలుకుతున్నాను. సునీత అండాశయంలో ఉన్న క్యాన్సర్ గడ్డను కరిగించు. మేము తెలియక చేసిన మనవిని కొట్టివెయ్యి." ఆ ఆమేన్‌లో నా గొంతు కూడా కలిసింది, అంతకుముందు వారాల్లో కలపనిదంతా కలిపి అన్నాను!

వాక్యంలో రక్తస్రావంతో బాధపడే ఒక స్త్రీ గుంపులో వెనకనుంచి రహస్యంగా వచ్చి ప్రభువు వస్త్రపు చెంగు ముట్టుకుని, బాగై, రహస్యంగానే వెళ్లిపోదామనుకుంటుంది. ప్రభువు వెళ్లనిచ్చాడా? ఎవరు ముట్టుకున్నారని ఆగి అడిగాడు. ఆయనకు తెలియకనా? ఆమె అందరి ముందు ఉన్నదంతా చెప్పేదాకా ఎందుకు ఆగాడో అని నేను ఏళ్ల తరబడి ఆలోచించాను, ఆ ఆదివారం నాకు కొంత అర్థమైంది.

ఆ వారంలోనే మూడో విడత ఎక్కించారు. డాక్టరమ్మ గారు ఆలస్యానికి కోప్పడ్డారు, పడాల్సిందే. విశ్వాసం ఉన్నవాళ్లకు మందులెందుకని ఒక పెద్దమనిషి ఇంటికొచ్చి ఉపదేశించబోతే, "అయ్యా, మీ కళ్లజోడు తీసేసి ఇంటికి వెళ్లండి, చూద్దాం" అన్నాను. మళ్లీ రాలేదు. బ్లెస్సీ పరీక్షలకు ఇంటికి వచ్చి, తల్లి మంచం పక్కనే చదువుకుంది. తల్లికి వాంతి వస్తే బేసిను పట్టేది, ఆగాక మళ్లీ జీవశాస్త్రం పైకి చదివేది. అన్నం నేను వండాను, మాడితే మాడింది, తిన్నారు. పరీక్షలయ్యాక ఆస్పత్రికి కూడా వచ్చింది, ప్రశ్నలతో డాక్టరమ్మ గారిని కూర్చోనివ్వలేదు.

"డాక్టరమ్మా, జుట్టు రాలిపోద్ది గాని గోళ్లు ఎందుకు రాలవు?"

"ఈ మందు త్వరత్వరగా పెరిగేవాటి మీద పడుద్దమ్మా. గోరు నిదానంగా పెరుగుద్ది. అయినా మీ అమ్మ గోళ్లు చూడు, గీతలు పడినయ్యి."

బ్లెస్సీ తల్లి వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటీ చూసింది. నేనూ వంగి చూశాను. నిజమే, గీతలున్నాయి! ఈ వయసులో నాకు ఒక కొత్త సంగతి తెలిసింది, నా మనవరాలు అడగబట్టి.

ఆపరేషను జరిగింది, ఆ తర్వాత విడతలూ జరిగాయి. ఇప్పుడు స్కానులో ఏమీ కనపడటం లేదని, అయినా తనిఖీలకు మానకుండా రావాలని డాక్టరమ్మ గారు చెప్పారు. ఆమె చెప్పినదానికి నేను ఒక్క అక్షరం కలపను. చేతులతో వైద్యం చేసినవారికి కృతజ్ఞతలు, ఆ చేతులనిచ్చిన దేవునికే మహిమ! ఇంకొకటి కూడా ఒప్పుకుని స్తోత్రం చెల్లించాలి. ఆలకించిన ప్రార్థనల కోసం అందరం స్తోత్రాలు చెల్లిస్తాం. మా సంఘమంతా ఏకకంఠంతో చేసి, ఆమేన్ కూడా అన్న ఆ ప్రార్థనను ఆయన ఆలకించలేదు. మా మాట పక్కన పెట్టి, మా కోడలి కడుపు చూశాడు. ఆలకించనందుకు స్తోత్రం! వేయి స్తోత్రాలు!

ఇంతటితో ముగించేవాణ్ణి గాని, మొన్నటి సంగతి చెప్పకుండా ఉండలేను. రాహేలమ్మ గారి అనుమతితోనే రాస్తున్నాను. శుక్రవారం కూడిక అయ్యాక అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే, రాహేలమ్మ గారు బ్లెస్సీని వరండా చివరికి పిలిచారు. పాస్టరు గారిని పిలవలేదు, పెద్దలను పిలవలేదు, ఆ పిల్లను పిలిచారు.

"నాకూ ఉందే అమ్మా" అన్నారు.

"ఏముంది ఆంటీ?"

ఆమె తన ఎడమ రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించారు. ఇంకో పిల్ల అయితే భయపడి అమ్మను పిలిచేది.

"గడ్డా? ఎప్పట్నుంచి? నొప్పుందా?" అంది బ్లెస్సీ. ఆమె చెప్పారు. ఏడాది పైనే అట, కొడుకులకు కూడా తెలియదట. "సోమవారం నేనొస్తా, అమ్మ కూడా వస్తది, ఆ డాక్టరమ్మకి ఎన్ని అడిగినా విసుగు రాదు ఆంటీ" అంది.

సోమవారం ముగ్గురూ వెళ్లారు. అది కూడా క్యాన్సరే. ఏ దశలో ఉందో పరీక్షలు చేస్తున్నారు. ఏమవుతుందో నాకు తెలియదు, డాక్టరమ్మకూ ఇంకా తెలియదు, దేవునికి తెలుసు. ఈ పత్రిక చదివే ప్రతి ఒక్కరూ రాహేలమ్మ గారి రొమ్ము క్యాన్సర్ కోసం, ఆ పేరుతోనే ప్రార్థించండి. ఏది కరగాలో స్పష్టంగా చెప్పండి, ఏది పెరగాలో కూడా చెప్పండి.

సహోదరీ, నువ్వు కూడా దేన్నో కొంగు కింద దాచుకుని ఇది చదువుతున్నావేమో. సహోదరుడా, నీ ఇంట్లో కూడా టీవీ సౌండు పెరిగిందేమో. దేవుణ్ణి నమ్ముకో, వైద్యుణ్ణి కలుసుకో, నీ పిల్లలకు చెప్పు. వాళ్లు మనం అనుకున్నంత మెత్తనివాళ్లు కారు. మా సంఘంలో చెప్పుకోలేని మనవి అనే మాట ఇప్పుడు ఎవరూ వాడటం లేదు. శుక్రవారం కూడిక మా ఇంట్లోనే, ఎవరైనా రావచ్చు. గుమ్మం దగ్గర ఒక అమ్మాయి నిలబడి "ఏమైంది అంకుల్? ఏమైంది ఆంటీ?" అని అడుగుతుంది.

పేరు పెట్టి చెప్పండి. ఆమేన్.